వారానికో సొరచేప పన్ను

నేను పళ్ళు చేస్తాను. అలాగని డాక్టర్ని కాను. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే, దాన్ని బట్టి కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తున్నాను. నా చేతి పళ్ళతో ఎంతమంది నవ్వుతున్నారో, ఎంతమంది కొరుకుతున్నారో లెక్కలేదు. వాళ్ళలో ఒక్కరి ముఖమూ నేను చూడలేదు. నా బల్ల మీదికి వచ్చేది ఒక దవడ అచ్చు, దాని మీద ఒక నంబరు, అంతే. ల్యాబులో అందరికీ నేను పళ్ళక్కను. అసలు పేరుతో పిలిచేది మా అక్క ఒక్కతే, అదీ కోపం వచ్చినప్పుడు.

అక్కా నేనూ ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. బావ పోయాక కొడుకుని చంకనేసుకుని నా దగ్గరికి వచ్చింది. నేను పెళ్ళి చేసుకోలేదు. చేసుకుంటామని వచ్చినవాళ్ళకి నా నోరు నచ్చలేదు, నాకు వాళ్ళ ముఖాలు నచ్చలేదు. ఇద్దరం పొద్దస్తమానం పోట్లాడుకునేవాళ్ళం. కుళాయి సరిగ్గా కట్టలేదని ఒకరోజు, దుప్పటి మడత వంకరగా ఉందని ఇంకోరోజు. నిరుడు అక్క కొడుక్కి పాప పుట్టింది. పసిపిల్లని చూసుకోవాలని అక్క రెండు పెట్టెలు సర్దుకుని వాడి దగ్గరికి వెళ్ళింది. "ఆర్నెల్లేనే, కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చేస్తా" అంది. ఆ ఆర్నెల్లు ఎప్పుడో దాటిపోయాయి. ఇప్పుడు ఫోన్లో మూడు నిమిషాలు మాట్లాడుతుంది, అందులో రెండున్నర పాప ఏడుపే. పోట్లాడడానికి ఇంట్లో మనిషి లేకపోతే ఎంత బాధగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. కుళాయి ఎవరూ వదిలెయ్యడం లేదు. దుప్పటి నేను ఎలా మడిచి పెట్టానో అలాగే ఉంటోంది.

అలాంటి రోజుల్లోనే మా ఇళ్ళ వెనక బళ్ళు పెట్టుకునే జాగాలో కొత్త కంకర పోశారు. ఒకరోజు చెప్పులో రాయి దూరింది. తిట్టుకుంటూ తీసి చూస్తే అది రాయి కాదు, పన్ను. కళ్ళు మూసుకుని తడిమినా పన్ను పన్నేనని చెప్పగల చెయ్యి నాది. నల్లగా, బొటనవేలి గోరంత ఉంది. కింద రెండు కాళ్ళున్న వేరు, పైన సూదిలాంటి మొన. కుక్కది కాదు, పిల్లిది కాదు. ఇంటికి తెచ్చి, రోగి పంటికి రంగు సరిపోల్చే నమూనా పళ్ళ వరస పక్కన పెట్టి చూశాను. దేనికీ సరిపోలేదు. మర్నాడు ల్యాబుకి తీసుకెళ్తే పక్క బల్ల అమ్మాయి ఫోన్లో ఏదో నొక్కి, "సొరచేపది అనుకుంటా పళ్ళక్కా. మ్యూజియంలో చూసి చెబుతారట" అంది.

మ్యూజియంలో మెట్ల కింద చిన్న గది. తలుపు మీద చేత్తో రాసిన అట్ట: 'మీకు దొరికినది ఏమిటో చెప్పబడును. గురువారం రెండు నుంచి నాలుగు వరకు.' లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక దీపం, గాజు బీరువా. బల్ల వెనక నా ఈడు మనిషి, మెడలో నల్లతాడుకి కట్టిన భూతద్దం. ఆ రోజునుంచి ఆయన నాకు భూతద్దం సారే.

"ఎక్కడ దొరికిందమ్మా?"

"చెప్పులో."

ఆయన నవ్వలేదు. "అంతకు ముందు ఎక్కడుంది?"

"కంకరలో. పాపం, దీనికి బాగా పుచ్చు పట్టింది సార్, మొత్తం నల్లబడిపోయింది" అన్నాను, అన్నీ తెలిసినదానిలా.

"పుచ్చు కాదు. ఇది లక్షల ఏళ్ళు పడున్న మట్టి రంగు. మట్టిని బట్టి నల్లగా ఉంటాయి, గోధుమరంగులో ఉంటాయి, బూడిదరంగులో ఉంటాయి. రంగు చూసి ఏ చేపదో చెప్పకూడదు. ముందు వేరు చూడండి. తర్వాత అంచు చూడండి, నున్నగా ఉందా, రంపంలా ఉందా అని. ఆ తర్వాత పక్కన చిన్న మొనలు ఉన్నాయేమో చూడండి. రంగు ఆఖర్న. అసలు చూడకపోయినా నష్టం లేదు."

ముప్పై ఒక్క ఏళ్ళు పళ్ళ రంగులు కలిపి బతికినదాన్ని. నాకు ఒళ్ళు మండింది. ఏదో ఒకటి అనేసి లేచి వచ్చేసేదాన్నే. ఈలోగా ఆయన భూతద్దం మెడలోంచి తీసి నా చేతిలో పెట్టి, కుర్చీ ఇటు జరుపుకుని, "ఇదిగో, ఇక్కడ" అని తల వంచారు. నేనూ వంచాను. మరో మనిషి పక్కన కూర్చుని, ఇద్దరం ఒకే వస్తువుని చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దీపం వెలుగు ఎక్కువగా ఉందన్నాను.

ఆయన చిన్న కార్డు తీసి ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. పేరు: ఇసుక సొర. దవడ, వైపు, దొరికిన చోటు, తెచ్చినవారు, గుర్తించినవారు. కార్డు నాకిచ్చి, పెద్ద రిజిస్టరు తెరిచి అందులో కూడా ఏదో రాసుకుని మూసేశారు.

ఆ నెలలోనే కంకరంతా జల్లెడ పట్టి డెబ్బైకి పైగా పళ్ళు ఏరాను. అన్నీ మూటకట్టి ఒకేసారి పట్టుకెళ్ళొచ్చు. పట్టుకెళ్తే ఒక్క మధ్యాహ్నంతో సరి. అందుకని గురువారానికి ఒక్కటే తీసుకెళ్ళేదాన్ని. మా యజమానిని అడిగి గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టుకుని, బదులు ఆదివారం ఒక్కదాన్నే వచ్చి పనిచేసేదాన్ని. తీరైన పళ్ళు దూదిలో పెట్టి దాచాను. వంకరవి, మెలి తిరిగినవి బిస్కెట్ల డబ్బాలో పడేశాను. ల్యాబులో మా పద్ధతి అది. పోతలో వంకర వచ్చిన పన్ను ఎవరూ రెండోసారి చూడరు, డబ్బాలోకి విసిరేస్తారు.

అక్కకి ఫోన్లో చెబితే నవ్వింది. "ఊళ్ళోవాళ్ళ నోళ్ళు చాలక చేపల నోళ్ళు కూడా మొదలెట్టావూ? సర్లే, పాప లేచింది" అని పెట్టేసింది.

నెలలు గడిచేకొద్దీ నాకు చెయ్యి తిరిగింది. సన్నగా పొడుగ్గా ఉండి పక్కన బుల్లి మొనలుంటే ఇసుక సొర. కోడి జుట్టులా వంగి ఒకవైపు గంటు ఉంటే పులి సొర. అంచుకి రంపమే లేకుండా వెడల్పుగా, కత్తిలా ఉంటే మాకో అనే రకం సొర. ఒకరోజు ఆయన కార్డు మీద 'వైపు' అన్నచోట ఆగి ఆలోచిస్తుంటే నోరూరుకోక, "ఎడమవైపుది సార్, పై దవడ, కొంచెం వెనగ్గా" అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. "ఎలా చెప్పారు?"

"వంపు చూసి. నాకు బువ్వ పెట్టేది అదే కదా."

అప్పటినుంచి పళ్ళ పేరు ఆయన చెప్పేవారు, వైపు నేను చెప్పేదాన్ని. నిజానికి పేర్లు కూడా నాకు వచ్చేశాయి. అయినా ఏమీ తెలియని ముఖం పెట్టుకుని, "ఇదేమిటంటారు సార్?" అని అడిగేదాన్ని. ఆయన మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవారు. ఆ గదిలోకి నేను తప్ప ఇంకెవరూ రాగా నేనైతే చూడలేదు.

మధ్యలో నాకు జ్వరమొచ్చి రెండు గురువారాలు వెళ్ళలేకపోయాను. మంచం మీద పడుకుని, రెండు నుంచి నాలుగు వరకూ గోడగడియారం చూస్తూ ఉండిపోయాను. మూడో వారం నీరసంగానే నడిచి వెళ్తే, ఏమైపోయారని ఆయన అడగనైనా అడగలేదు. "రండమ్మా, కూర్చోండి" అన్నారు, అంతే. నేను రాకపోయినా ఈయనకి తేడా లేదన్నమాట, అనుకున్నాను. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినబుద్ధి కాలేదు.

ఎనిమిదో నెలలో ఒక గురువారం ఆయన నేను తెచ్చిన పన్ను ముట్టుకోకుండానే, "ఇదేమిటో మీకు తెలుసు" అన్నారు.

నేను నేల చూపులు చూశాను.

"తప్పుపట్టడం లేదమ్మా. పైవాళ్ళు అడుగుతున్నారు, ఈ బల్లకి ఎవరైనా వస్తున్నారా, కొత్తవేమైనా దొరుకుతున్నాయా అని. వారం వారం ఇసుక సొర, ఇసుక సొర అని రాసి పంపితే వాళ్ళు మాత్రం ఎన్నాళ్ళు ఊరుకుంటారు?" గాజు బీరువాలో ఒక సగం పన్ను చూపించారు. అరచేతిలో సగం ఉంటుంది, రంపపు అంచు, పక్కన చిన్న మొన. "ఈ రకం నిండు పన్ను ఇక్కడ ఎవరికీ దొరకలేదు. అలాంటిదొకటి వచ్చుంటే ఈ గది జోలికి ఎవరూ వచ్చేవారు కాదు."

ఇంటికి నడిచి వస్తుంటే ఆ మాట నన్ను వదల్లేదు. గురువారం పోతే నాకు వారంలో ఇంకేం మిగులుతుంది? ల్యాబులో నోరులేని దవడలు, ఇంట్లో నాలుగు గోడలు, ఫోన్లో అర నిమిషం అక్క.

ఆదివారం ల్యాబులో కూర్చుని ఆ పన్ను చేశాను. బీరువాలో చూసిన సగం నా కళ్ళలో ఉంది, మిగతా సగం ఎలా ఉండాలో నా చేతికి తెలుసు. తేలిగ్గా ఉంటే దొరికిపోతానని లోపల లోహం పోశాను, పైన పింగాణి వేసి కొలిమిలో కాల్చాను. రంగు ఈసారి మట్టిని చూసి కలిపాను. వేరుని ఇసుక కొట్టి గరుకు చేశాను. రంపపు అంచు ఒక్కో గంటూ సన్న బిళ్ళతో కోశాను. చివరికి మేము ప్రతి పంటికీ చేసే పనే దీనికీ చేశాను. అరవై ఏళ్ళ నోట్లో నిన్నటి పన్ను పెడితే కట్టుడు పన్నని ఇట్టే తెలిసిపోతుంది, అందుకని మొన కొంచెం అరగదీస్తాం. చెయ్యి దానంతట అదే ఆ పని చేసేసింది. పూర్తయ్యాక చూసుకుంటే నాకే ముచ్చటేసింది. నా జన్మలో అంత మంచి పన్ను చెయ్యలేదు.

గురువారం దాన్ని ఆయన ముందు పెట్టాను. ఆయన తీసుకుని బరువు చూశారు. దీపం కిందికి పట్టారు. అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. "వారం రోజులు నా దగ్గర ఉంచుకోవచ్చా?" అని మాత్రం అన్నారు. కార్డు రాయలేదు.

ఆ వారం నేను పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. ఆయన నమ్మి పైకి పంపితే? పెద్దవాళ్ళెవరో చూసి, ఇంత వయసొచ్చి పింగాణి ముక్కకి మోసపోయావా అని ఆయన్ని చూసి నవ్వితే? ల్యాబులో రెండు దవడలకి తారుమారుగా పళ్ళు కట్టాను. గురువారం అన్నీ చెప్పేద్దామని వెళ్ళాను.

నేను నోరు తెరిచేలోగా ఆయన భూతద్దం నా ముందుకి తోశారు. "మొన చూడండి. ఏం కనబడింది?"

చూశాను. "అరుగుదల."

"ఈ సొరచేప ఎన్నేళ్ళు నమిలిందంటారు?"

నేను భూతద్దం కింద పెట్టేశాను.

"సొరచేప నమలదమ్మా. కొరికి మింగుతుంది. పన్ను విరగొచ్చు, పెచ్చు ఊడొచ్చు. ఇలా చదునుగా అరగదు. అరిగేంతకాలం ఆ నోట్లో ఏ పన్నూ ఉండదు. ముందుది ఊడిపోతుంది, వెనక వరసలోది దాని చోట్లోకి వస్తుంది. ఉన్నదాన్నే పట్టుకుని అరిగిపోయేది మనమే."

"నేనే చేశాను సార్."

"తెలుసు. ఇంకెవరు చెయ్యగలరు?" ఆయన గొంతు అంతదాకా మామూలుగానే ఉంది. అప్పుడు హెచ్చింది. "ముప్పై నాలుగేళ్ళుగా ఇక్కడ కూర్చున్నాను. నా కార్డుల మీద ఒక్క అబద్ధం లేదు. దీన్ని పైకి పంపి ఉంటే నా గతేం కాను? ఎందుకు చేశారీ పని?"

"గురువారం పోతుందని."

ఆయనకి అర్థం కాలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఈ రెండు గంటల కోసమే సార్! వారం మొత్తంలో నాతో మనిషిలా మాట్లాడేది మీరొక్కరే. ఈ గది మూసేస్తే నేనెక్కడికి పోవాలి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంట్లో పళ్ళన్నీ అయిపోయాయా?"

"ఇంకా నలభై ఉన్నాయి."

"నలభై అసలువి పెట్టుకుని నకిలీది చేశారా!"

"అన్నీ తెచ్చేస్తే ఒక్కరోజులో అయిపోతాయి కదా సార్."

ఆయన నకిలీ పన్నుని కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టారు. "వచ్చేవారం అన్నీ తీసుకురండి. ఒక్కటి కూడా దాచకండి. ఇంకొక్క గురువారమే ఉంది." మొన్ననే ఉత్తర్వు వచ్చిందట. ఇకమీదట ఎవరికేం దొరికినా ఫోన్లో ఫోటో పంపాలి, ఎక్కడో కూర్చున్నవాళ్ళు చూసి చెబుతారు. ఆయన్ని వేరే ఊళ్ళో గిడ్డంగికి వేశారు. అక్కడికి బయటివాళ్ళని రానివ్వరు.

"నా వల్లేనా?"

"కాదమ్మా. మీ పన్ను ఈ గది దాటి వెళ్ళలేదు."

ఆఖరి గురువారం దూది పెట్టె తీసుకెళ్ళాను. ఒక్కటి కూడా దాచకండి అన్నారు కాబట్టి బిస్కెట్ల డబ్బా కూడా తీసుకెళ్ళాను. ఆయన పేర్లు చెబుతూ, నేను వైపులు చెబుతూ నలభై కార్డులూ రాశాం. మూడున్నర అయింది. ఆయన డబ్బా మూత తీసి బల్ల మీద బోర్లించారు. వేలితో అటూ ఇటూ కదుపుతూ ఒకచోట ఆగిపోయారు. మెలి తిరిగి, మొన పక్కకి వాలిన పన్ను.

"దీన్ని ఎందుకు పడేశారు?"

"వంకరది కదా."

"పుట్టుకలోనే వంకర. చిగుళ్ళో ముల్లు దిగుతుంది, ఏ పెద్ద చేపదో. పన్ను తయారయ్యే చోటే దెబ్బ తింటుంది. ఇక ఆ చోట్లోంచి ఎన్ని పళ్ళు వచ్చినా వంకరగానే వస్తాయి. అయినా ఆ చేప వాటితోనే తిని బతికింది. ఇలాంటివి నా సర్వీసులో రెండే చూశాను. ఇది మూడోది." ఆయన ముఖం వెలిగిపోయింది. ఎనిమిది నెలల్లో నేను ఆ వెలుగు చూడలేదు. "ఎనిమిది నెలలు డబ్బాలో పెట్టుకు కూర్చున్నారా తల్లీ!"

నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నిండు పన్ను కావాలని నకిలీది చేస్తూ కూర్చున్నాను, ఆయన్ని సంతోషపెట్టేది నా చెత్తడబ్బాలో పడుంది. "మీ బీరువాలో పెట్టండి సార్" అన్నాను. దానికి తగిన పెట్టె తెస్తానని ఆయన లోపలికి వెళ్ళారు.

రిజిస్టరు తెరిచే ఉంది. చదవాలని కాదు, ఎదురుగా ఉంది కాబట్టి చూశాను. ప్రతి గురువారానికీ ఒక వరస. వచ్చినవారు: 1. తెచ్చినది ఫలానా. పేజీ వెనక్కి తిప్పాను, ఇంకొకటి తిప్పాను. అంతటా ఒకటే. నాకు జ్వరమొచ్చిన నెల దగ్గర వేలు ఆగిపోయింది. రెండు గురువారాలకీ అదే ముత్యాల్లాంటి రాత. వచ్చినవారు: 1. తెచ్చినది: ఇసుక సొర, పై దవడ, ఎడమ.

ఆయన పెట్టెతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఈ రెండు వారాలూ నేను రాలేదు సార్. జ్వరంతో పడున్నాను."

"రాలేదు. నాలుగింటిదాకా తలుపు వంకే చూశాను."

"మరి అబద్ధం రాయనన్నారు?"

"కార్డుల మీద అన్నాను. అది రిజిస్టరు." నవ్వబోయారు కానీ నవ్వు రాలేదు. "సున్నా రాయడానికి చెయ్యి రాలేదమ్మా. సున్నా పడితే మూసేద్దురు. అదొక్కటే కాదు..." అని ఆగి పెట్టె బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత ఏం చెబుతారోనని ఎదురుచూశాను. చెప్పలేదు. ఆయన ఫోన్ నంబరు అడుగుదామని నా నోటిదాకా వచ్చింది. అంత నోరున్నదాన్ని, అడగలేకపోయాను. నాలుగు కొట్టింది. ఆయన దీపం ఆర్పారు, నేను నా పెట్టె తీసుకున్నాను.

అక్క ఇంకా రాలేదు. పాపకి ఇప్పుడు దవడపళ్ళొస్తున్నాయట, రాత్రీ పగలూ ఏడుపేనట. మ్యూజియానికి ఫోటోలు పంపొచ్చు, నేను పంపలేదు.

గురువారం సెలవు మాత్రం వదులుకోలేదు. రెండింటికి పీట వేసుకుని కంకరలో కూర్చుంటాను. వచ్చేపోయేవాళ్ళు ఏం పోగొట్టుకున్నారని అడుగుతారు. ఇసుక సొర పన్ను, పై దవడ, ఎడమవైపుది, రెండు కావాలి. నేను వెళ్ళని ఆ రెండు గురువారాలకీ ఆయన రాసినవి ఇక్కడెక్కడో ఉండే ఉంటాయి. నాలుగింటిదాకా వెతికి లేస్తాను.